సిమెంటు లెక్క సరే, మాస్టారి లెక్కో?

యానాం మొత్తం కలిపి 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉండేది 55,626 మంది. ఇంత చిన్న చోట, అందులోనూ అగ్రహారం లాంటి పేటలో, పిల్లాణ్ణి ఏ బడిలో వెయ్యాలన్న చర్చ మాత్రం చిన్నది కాదు. వేసవి సెలవులు అయిపోవస్తుంటే అరుగుల మీదా టీ కొట్ల దగ్గరా ఇదే మాట. ఫీజు అక్కర్లేదంటే ప్రభుత్వ బడి ఉంది. ఫీజు కట్టగలిగితే ప్రైవేటు బడి ఉంది. ఆరో తరగతికి పరీక్ష రాసి గట్టెక్కితే నవోదయ ఉంది. ఇవేవీ కాదనుకుంటే పొద్దున్నే వ్యానెక్కించి, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాకినాడ పంపాలి.

“ఇంతమందిమి ఉన్నాం, తలా ఒక చెయ్యీ వేసి మనమే ఒక బడి పెట్టుకుంటే సరిపోదాండీ?” అనేవాళ్ళు ఇలాంటి చర్చల్లో ఒకరైనా ఉంటారు. “పెట్టొచ్చు బావగారూ, మాస్టార్లకి జీతాలు మీరిస్తారా?” అని తుంచేసేవాళ్ళూ ఉంటారు. దాంతో నలుగురూ నవ్వుకుని వేరే కబుర్లలో పడతారు.

కానీ ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పిన దేశాలు ఉన్నాయి. జీతాలకు డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, బడి మీరు నడపండి, ఏం సాధిస్తారో ముందే కాగితం మీద రాసివ్వండి, సాధించకపోతే మూసేస్తాం అన్నది ఆ జవాబు. అమెరికాలో అలా నడిచేవాటిని చార్టర్ స్కూళ్ళు అంటారు. పేరు చూసి ప్రైవేటు బడి అనుకునేవాళ్ళు మన దగ్గరే కాదు, అక్కడా చాలామంది ఉన్నారు. అవి ప్రైవేటు బడులు కావు. ఫీజు ఉండదు, ప్రవేశ పరీక్ష ఉండకూడదు, డబ్బు ప్రజలది. ప్రభుత్వ బడికీ వీటికీ తేడా పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న దగ్గరే వస్తుంది.

ఈ ఆలోచనకు పేరు పెట్టింది మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన రే బడ్ అనే ఆచార్యుడు. దాన్ని 1988లో దేశమంతా మాట్లాడుకునేలా చేసినవాడు ఆల్బర్ట్ షాంకర్. ఆయన ఉపాధ్యాయ సంఘ నాయకుడు. పై అధికారుల సర్క్యులర్లకు తల ఊపడం మానేసి, కొందరు టీచర్లు తమకు తోచిన పద్ధతిలో బోధించి చూపించడానికి ఒక చోటు ఉండాలన్నది ఆయన ఊహ. 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొదటి చట్టం చేసింది. మరుసటి ఏడాది సెయింట్ పాల్ నగరంలో సిటీ అకాడమీ అనే మొదటి బడి తెరుచుకుంది. 2021 నాటికి అలాంటి బడులు సుమారు 7,800 అయ్యాయి, వాటిలో చదివే పిల్లలు 37 లక్షలు. విచిత్రమేమిటంటే, కొన్నేళ్ళు తిరక్కుండానే షాంకర్ ఎదురు తిరిగాడు. టీచర్ల కోసం అడిగిన చోటులో వ్యాపార సంస్థలు చేరిపోతున్నాయని ఆయన కోపం.

కాలిఫోర్నియా చట్టంలో ఒక ఏర్పాటు ఉంది. అగ్రహారం అరుగు మీది చర్చకు అతి దగ్గరగా వచ్చేది అదే. కొత్త బడి కావాలనుకున్నవాళ్ళు ఒక అర్జీ తయారు చెయ్యాలి. మొదటి ఏడాది ఎంతమంది పిల్లలు చేరతారని అంచనా వేశారో, అందులో కనీసం సగం మంది పిల్లల తల్లిదండ్రులు దాని మీద సంతకాలు పెట్టాలి. లేదా అక్కడ పని చేయబోయే టీచర్లలో సగం మంది పెట్టాలి. “మా పిల్లను ఈ బడిలో చేర్చాలని మనసారా అనుకుంటున్నాం” అన్న అర్థం వచ్చేలా ఆ సంతకం ఉండాలి. రెండు వందల మందితో మొదలుపెడతామంటే వంద ఇళ్ళ తలుపులు తట్టాలన్నమాట. ఆ అర్జీని స్థానిక స్కూల్ బోర్డు బహిరంగంగా విచారిస్తుంది. ఎలా చదువు చెబుతారు, టీచర్ల అర్హతలేమిటి, పిల్లలు నేర్చుకున్నారో లేదో ఎలా కొలుస్తారు, బడి మూతపడితే సామాను ఎవరికి పోతుంది, అన్నీ అందులో ఉండాలి. చావు ఖర్చు కూడా పుట్టకముందే రాసుకోవాలి.

సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే అందరి ముందూ లాటరీ తియ్యాలి. కోనసీమలో కూర్చున్న అమ్మమ్మకు డాలస్ నుంచో ఫీనిక్స్ నుంచో కూతురు ఫోన్ చేసి “చిన్నదానికి లాటరీలో తగిలిందమ్మా” అంటే, ఏం తగిలిందోనని ముసలావిడ కంగారు పడినా పడవచ్చు. తగిలింది చార్టర్ బడిలో సీటు. అరిజోనాలోని టూసాన్‌లో 1998లో మొదలైన బేసిస్ బడుల వంటివాటి మీద భారతీయ కుటుంబాలకు మక్కువ ఎక్కువ. లెక్కలు గట్టిగా చెబుతారని పేరు. ఆ తల్లిదండ్రుల మధ్యా ఇదే చర్చ నడుస్తుంటుంది. మన పేటలో ఉన్న మామూలు ప్రభుత్వ బడిని వదిలి పిల్లలు చార్టర్‌కు పోతే, పిల్లల వెనకే డబ్బూ పోతుంది. పాత బడి చిక్కిపోతుంది. చదువుకున్న తల్లిదండ్రులే ముందు అర్జీ పెట్టుకుంటారు కాబట్టి, వెనక మిగిలేది అడిగేవాళ్ళు లేని పిల్లలు. మరి నా పిల్లకు ఈ ఏడాది కావలసిన చదువు ఆపి, ఊరి బడి బాగుపడేదాకా కూర్చోమంటారా అని ఎదుటివాళ్ళ వాదన. రెండూ కొట్టిపారేసే మాటలు కావు.

ఫలితాలేమైనా తేల్చాయా? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రెడో అనే పరిశోధన కేంద్రం 2009లో చూసినప్పుడు, లెక్కల్లో పక్కనున్న ప్రభుత్వ బడుల కన్నా మెరుగ్గా ఉన్న చార్టర్ బడులు 17 శాతమే. 37 శాతం వాటికన్నా తీసికట్టు. మిగిలినవాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే కేంద్రం 2023లో చూస్తే సగటున చార్టర్ పిల్లలు చదవడంలో 16 రోజుల పాఠం, లెక్కల్లో 6 రోజుల పాఠం ముందున్నారు. ఈలోగా నాసిరకం బడులు కొన్ని మూతపడ్డాయి, ఉన్నవి కొన్ని నేర్చుకున్నాయి. ఆన్‌లైన్‌లో మాత్రమే నడిచే చార్టర్లలో పిల్లలు బాగా వెనకబడ్డారని కూడా ఆ నివేదికే చెప్పింది. పేరు ఒకటే అయినా బడికీ బడికీ పొంతన లేదు.

ఇదంతా మనకు తెలియని పరదేశపు వింత అనుకుంటే పొరపాటు. సర్కారు డబ్బుతో జనం నడిపే బడి గోదావరి జిల్లాలకు నూటయాభై ఏళ్ళ పాత సంగతి. 1854లో ఛార్లెస్ వుడ్ ఇంగ్లండు నుంచి పంపిన విద్యా పత్రంలో గ్రాంట్ ఇన్ ఎయిడ్ పద్ధతి ఉంది. ఎవరు బడి పెట్టినా సరే, సరిగ్గా నడుపుతూ ప్రభుత్వ తనిఖీకి ఒప్పుకుంటే ఖర్చులో కొంత సర్కారు భరిస్తుందని దాని సారాంశం. మిషనరీలు పెట్టారు, జమీందార్లు పెట్టారు, సంఘ సంస్కర్తలు పెట్టారు. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచింది 1874లో. యానాం పొరుగున ఉన్న కోరంగి ప్రాంతం నుంచి రంగూన్ వెళ్ళి గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ తన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిచ్చాడు. కాకినాడ జగన్నాథపురంలోని ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ విద్యాసంస్థలు ఆ రాతతో వచ్చినవే. ఎయిడెడ్ బడి అంటే ఇప్పటికీ అర్థం ఇదే. యాజమాన్యం ఒకరిది, జీతం సర్కారుది.

ఆ ఎయిడెడ్ బడులు క్రమంగా ఎలా ఎండిపోయాయో ఆంధ్రలో ఏ పాత పట్టణంలోనైనా కనిపిస్తుంది. కొత్త బడులకు ఎయిడ్ ఇవ్వడం దశాబ్దాల కిందటే ఆగింది. రిటైరైన మాస్టారి చోట మరొకరిని వేసుకోవడానికి అనుమతి రాదు. గోడ మీద పేరు ఘనంగా, లోపల గదులు ఖాళీగా ఉన్న బడులు మిగిలాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 42 తెచ్చి, ఎయిడెడ్ సంస్థలు ఆస్తులతో సహా ప్రభుత్వంలో కలవడమో, సిబ్బందిని అప్పగించి సొంతంగా నడుపుకోవడమో తేల్చుకోమంది. చాలా యాజమాన్యాలు సిబ్బందిని అప్పగించాయి. అంటే రేపటి నుంచి ఫీజు. విశాఖలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. అనంతపురం ఎస్.ఎస్.బి.ఎన్. కళాశాల దగ్గర ఆ నవంబరులో విద్యార్థుల మీద లాఠీలు లేచాయి. చివరికి ప్రభుత్వం దిగొచ్చి, బలవంతం ఏమీ లేదని, ఇచ్చినవాళ్ళు వెనక్కి కూడా తీసుకోవచ్చని మెమో ఇచ్చింది.

ఆ గొడవలో ఒక సంగతి గమనించాలి. సంతకాలు చేసుకున్నది యాజమాన్యమూ ప్రభుత్వమూ. ఆ బడిని నమ్మి పిల్లల్ని చేర్చిన తల్లిదండ్రులకు ఆ కాగితంలో చోటే లేదు. అందుకే వాళ్ళకు రోడ్డు తప్ప వేరే దారి కనబడలేదు.

తల్లిదండ్రులకు కాగితంలో చోటు ఇచ్చిన చట్టం మనకు లేకపోలేదు. 2009 విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ, ఎయిడెడ్ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఆంధ్రలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు. దాన్ని వాడుకలో పేరెంట్స్ కమిటీ అంటారు. చాలాకాలం వాటి పని ఆగస్టు 15కి చాక్లెట్లు పంచడం, హెడ్మాస్టారు చూపించిన చోట వేలిముద్రో సంతకమో పెట్టడం వరకే.

ఒకసారి మాత్రం ఆ కమిటీలకు నిజంగా పని పడింది. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ‘మన బడి నాడు-నేడు’ మొదటి విడతలో 15,715 బడుల మరమ్మతులకు సుమారు 3,669 కోట్ల రూపాయలు పెట్టారు. కాంట్రాక్టర్ లేడు. డబ్బు కమిటీ బ్యాంకు ఖాతాలోకే వచ్చింది. మరుగుదొడ్లు, నీళ్ళు, కరెంటు, ప్రహరీ, రంగులు, ఆకుపచ్చ బోర్డులు, ఇలా తొమ్మిది రకాల పనులు. హెడ్మాస్టారు, కమిటీ అధ్యక్షుడు, గ్రామ సచివాలయపు ఇంజినీరింగ్ అసిస్టెంటు కలిసి తీర్మానాలు రాసుకున్నారు. సిమెంటు బస్తాలు తరగతి గదిలో దింపి తాళం వేసుకున్నారు. ఇసుక ట్రాక్టరు ఎప్పుడొస్తుందా అని రోడ్డు మీద నిలబడ్డారు, తాపీమేస్త్రీతో రోజుకూలి బేరమాడారు. బిల్లులు ఆలస్యమై షాపువాడికి ముఖం చాటేసిన సందర్భాలూ ఉన్నాయి. పని నాణ్యత మీద, బేరాల మీద విమర్శలూ వచ్చాయి. అయినా ఒక ఊరి తల్లిదండ్రులు సర్కారు డబ్బును సొంత చేత్తో లెక్క పెట్టి ఖర్చు చెయ్యగలరని అంత పెద్ద ఎత్తున తెలుగునేల మీద అంతకు ముందు చూడలేదు. మొదటి విడత పనులను జాతికి అంకితం చేసింది 2021 ఆగస్టు 16న, పి.గన్నవరంలో. అది యానాం నుంచి గౌతమి దాటితే తగిలే కోనసీమలోనే.

ఏడాది తిరక్కుండానే, 2022 జూన్ 10న, జీవో 117 వచ్చింది. ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను దగ్గరలో ఉన్న ఉన్నత పాఠశాలలకు తరలించాలని. సబ్జెక్టుకో టీచరు ఉంటాడు, చదువు బాగుపడుతుందని ప్రభుత్వ వాదన. పాఠశాలలు తెరిచాక ఊళ్ళలో గేట్లకు తాళాలు పడ్డాయి. కాలువ దాటాలి, హైవే దాటాలి, ఎనిమిదేళ్ళ పిల్లను ఎలా పంపమంటారని తల్లులు గేటు ముందు కూర్చున్నారు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టి మరుగుదొడ్డి కట్టించిన కమిటీని, ఆ మరుగుదొడ్డి వాడే పిల్లలు ఆ బడిలో ఉండాలో వద్దో ఎవరూ అడగలేదు. ఆ జీవో రద్దయింది 2025లో, అదీ ప్రభుత్వం మారాక.

మాధ్యమం విషయంలోనూ ఇలాగే జరిగింది. 2019 నవంబరులో జీవో 81, 85లతో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియం కావాలన్నారు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. వెంటనే వలంటీర్లు ఇంటింటికీ ఫారాలు తీసుకెళ్ళారు. 96.17 శాతం తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియమే కోరారని ప్రకటించారు. ఆ కోరికను తప్పు పట్టనక్కర్లేదు. కూలికెళ్ళే తల్లి తన కూతురికి ఇంగ్లీషు రావాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఫారంలో గడికి టిక్కు పెట్టడం వేరు, నలుగురు కూర్చుని మాట్లాడుకోవడం వేరు. ఆ ఇంగ్లీషు చెప్పే మాస్టారు ఎక్కడ, ఎప్పుడొస్తాడు అన్న ప్రశ్నకు ఫారంలో గడి లేదు.

ప్రైవేటుకు పంపితే మాత్రం తేడా పడుతుందా? దీని మీద ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగిన ప్రయోగం ఒకటి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008 నుంచి నాలుగేళ్ళు, 180 గ్రామాల్లో చేశారు. ప్రభుత్వ బడిలో చదివే చిన్నపిల్లల కుటుంబాలకు లాటరీ తీసి, తగిలినవాళ్ళకు ప్రైవేటు బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు ఇచ్చారు. రెండేళ్ళకూ నాలుగేళ్ళకూ పరీక్షలు పెట్టి చూస్తే, తెలుగులోనూ లెక్కల్లోనూ రెండు వర్గాల పిల్లల మధ్య తేడా లేదు. ప్రైవేటు బడులు ఆ రెంటికీ తక్కువ గంటలు కేటాయించి, మిగిలిన సమయంలో ఇంగ్లీషు, హిందీ వంటివి చెప్పాయి. హిందీలో మాత్రం ఆ పిల్లలు స్పష్టంగా ముందున్నారు. ఇదంతా చేయడానికి వాటికి ఒక్కో పిల్లాడి మీద అయిన ఖర్చు ప్రభుత్వ బడిలో అయ్యే ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. కారణం తెలిసిందే, అక్కడి టీచరు జీతం చాలా తక్కువ. ప్రైవేటు అభిమానులు ఖర్చు లెక్క చూపించి గెలిచామన్నారు, ప్రభుత్వ బడి అభిమానులు మార్కులు చూపించి మేమే గెలిచామన్నారు.

సర్కారు డబ్బు, వేరే యాజమాన్యం అన్న పద్ధతికి మన దేశంలో చెప్పుకోదగ్గ నమూనా ముంబయిలో ఉంది. 2003లో మొదలైన ముక్తాంగణ్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడి కార్పొరేషన్ భవనాల్లో ఏడు ఇంగ్లీషు మీడియం బడులు నడిపింది. చుట్టుపక్కల బస్తీల్లోని ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి టీచర్లను చేసింది. తెలుగువాళ్ళ గురుకులాలు ఇంకో దారి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేలులో మొదలైన గురుకుల పాఠశాల సర్కారుదే, కానీ నడకకు కొంత స్వేచ్ఛ ఇచ్చారు. మార్కుల జాబితాల్లో దాని పేరు మోగింది. అయితే అందులో చేరడానికి పరీక్ష ఉంది. ఊరి పిల్లలందరినీ తీసుకునే బడికి ఆ పోలిక న్యాయం కాదు.

ఇక యానాం సంగతి. ఇక్కడ చట్టం ఎప్పుడూ గట్టు దాటితే మారిపోతుంది. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలు చెయ్యడానికి జనం ఫ్రెంచి యానాంకు బళ్ళు కట్టుకుని వచ్చిన చరిత్ర ఉంది. 1954లో ఫ్రెంచి జెండా దిగింది, 1962లో విలీనం చట్టబద్ధమైంది, గట్టు మాత్రం అలాగే ఉంది. బాలయోగి వారధికి అవతల ఎదుర్లంకలో తల్లి ఖాతాలో ‘తల్లికి వందనం’ డబ్బు పడుతుంది, ఇవతల పుదుచ్చేరి కింద ఉన్న యానాం తల్లికి పడదు. బడులు చాలాకాలం ఆంధ్ర సిలబస్సే చెప్పాయి. ఇటీవల పుదుచ్చేరి ప్రభుత్వం తన బడులను సీబీఎస్‌ఈ వైపు మళ్ళించింది. పాఠ్యపుస్తకం మారింది, పరీక్ష తీరు మారింది, ఇంట్లో అన్నయ్య పాత గైడు తమ్ముడికి పనికిరాకుండా పోయింది. ఈ నిర్ణయం జరిగిన ఊరు ఇక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరం. యానాంలో పాఠశాల విద్యాశాఖకు ఉండేది డెలిగేట్, డైరెక్టర్ కూర్చునేది పుదుచ్చేరిలో.

అగ్రహారం తల్లిదండ్రులు కొత్త బడి పెడదామనుకుంటే ముందు చూసుకోవలసినవి ఇవి. గుర్తింపు పత్రం లేకుండా బడి తెరిస్తే విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా, ఇంకా నడిపితే రోజుకు పదివేలు. గుర్తింపు కావాలంటే టీచరుకో గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ, గ్రంథాలయం ఉండాలి. అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, తొంభై దాకా ముగ్గురు, నూట ఇరవై దాకా నలుగురు. యానాంలో ఆటస్థలానికి సరిపడా నేల కొనడమంటే మాటలా? ఇవన్నీ సమకూర్చుకున్నా మన దగ్గర చార్టర్ చట్టం లేదు కాబట్టి జీతాల డబ్బు రాదు. చివరికి అది ఫీజు బడే అవుతుంది.

ఇంకో చిక్కు యానాం తల్లిదండ్రులకే ప్రత్యేకం. పుదుచ్చేరి వృత్తివిద్యా ప్రవేశాల్లో యానాం పిల్లలకు 3 శాతం ప్రాంతీయ కోటా ఉంది. దానికి తోడు 2023 నుంచి వైద్య విద్యలో, ప్రభుత్వ బడుల్లో చదివినవారికి 10 శాతం సీట్లు కేటాయించారు. పేట పిల్ల డాక్టరు కావాలని కల కనే ఇంట్లో ఈ రెండు అంకెలూ నోటికి వస్తాయి. తల్లిదండ్రులు నడిపే బడి, జీతం ఎవరిచ్చినా సరే, ‘ప్రభుత్వ బడి’ లెక్కలోకి వస్తుందా? రాకపోతే ఎంత మంచి బడి పెట్టినా పదో తరగతి దాకా వచ్చేసరికి జనం జారుకుంటారు.

అసలు యానాం వంటి చోట ఇంకో బడి కావాలా అన్నదీ చర్చలో తేలాలి. వందమంది పిల్లలున్న పేటలో రెండో బడి పెడితే చెరో యాభై మంది. ఐదు తరగతులకు ఇక్కడ ఇద్దరు టీచర్లు, అక్కడ ఇద్దరు. ఒకే బడిగా ఉంటే నలుగురు ఒకే చోట ఉండేవాళ్ళు. అమెరికాలో చార్టర్ బడులు పెద్ద నగరాల్లో ఎక్కువ పెరిగింది ఊరికే కాదు. పిల్లలు కిక్కిరిసి ఉన్న చోట ఎంపిక అన్న మాటకు అర్థం ఉంటుంది. చిన్న చోట కొత్త బడి పాత బడి నోటిదగ్గర కూడు లాక్కుంటుంది.

అక్కడి నుంచి తెచ్చుకోదగ్గది బడి కాదు, ఆ ఒప్పందం కాగితం. చార్టర్ అంటే చివరికి అంతే కదా: ఏం ఇస్తారో, ఏం సాధిస్తారో, ఎప్పటిలోగా, ఎవరు జవాబుదారీ అన్నది రెండు పక్షాలూ సంతకం పెట్టుకున్న రాత. ఉన్న ప్రభుత్వ బడికే ఆ రాత ఉంటే? మూడో తరగతి పిల్ల తెలుగులో ఒక పేరా తప్పుల్లేకుండా చదవాలని తల్లిదండ్రులు, టీచర్లు, శాఖ కలిసి రాసుకుంటే? బదిలీ అయిన మాస్టారి చోట మరొకరు ఇన్ని రోజుల్లో రావాలని శాఖ సంతకం పెడితే? అమెరికాలో దీనికి ఎన్నికైన స్కూల్ బోర్డు ఉంది, అది మాట తప్పితే ఓటుతో దింపవచ్చు. పుదుచ్చేరిలో స్థానిక సంస్థలకు 1968 తర్వాత ఎన్నికలు జరిగింది 2006లోనే. 2011లో ఆ పాలకవర్గాల గడువు ముగిశాక మళ్ళీ ఏళ్ళ తరబడి ఎన్నికల ఊసే లేదు. కాబట్టి యానాంలో తల్లిదండ్రులు పట్టుకుని అడగగలిగిన చోటు ప్రస్తుతానికి బడి కమిటీ ఒక్కటే.

ఆ కమిటీ చేతిలో ఏమీ లేదని కొట్టిపారెయ్యడం తేలిక. కానీ చట్టంలో ఎవరూ వాడని గొళ్ళేలు కొన్ని ఉన్నాయి. 26వ సెక్షన్ చదివితే, ఒక బడిలో మంజూరైన టీచరు పోస్టుల్లో ఖాళీలు 10 శాతం మించకూడదు. ముగ్గురు టీచర్ల బడిలో ఒక్క పోస్టు ఖాళీ అయినా 33 శాతం. అంటే ఆ ఒక్క ఖాళీతోనే నిబంధన తప్పినట్టు. ఈ మాటను తీర్మానంగా రాసి, శాఖకు పంపి, ఆ ప్రతి మీద తేదీ ముద్ర వేయించుకోవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. నాడు-నేడులో ట్రాక్టరు ఇసుకకు రసీదు అడిగినంత పట్టుదల ఉంటే చాలు.

రెండో గొళ్ళెం 22వ సెక్షన్. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యవలసింది కమిటీయే, ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని చట్టం. అది మూడేళ్ళ ప్రణాళిక. ఏ తరగతిలో ఎంతమంది పిల్లలు ఉండబోతున్నారు, ఇంకా ఎందరు టీచర్లు కావాలి, గదులూ సామగ్రీ ఏవి కావాలి, ఖర్చెంత అన్నవి ఏడాదివారీగా అందులో రాయాలి. చాలా చోట్ల దీన్ని హెడ్మాస్టారు ఒక రాత్రి కూర్చుని పాత ఏడాది కాగితం చూసి నింపేస్తారు, కమిటీ సభ్యులు మర్నాడు వచ్చి సంతకాలు పెడతారు. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం, కమిటీ ఏర్పడిన ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు ఆఖరుకే, అది సిద్ధం కావాలి. కమిటీ అధ్యక్ష పదవి తల్లిదండ్రులదే కాబట్టి దాని మీద మొదటి సంతకం కూడా వాళ్ళదే.